పది చుక్క

కొళత్తూరు చేపల వీధిలో మా కొట్టుకి
పాత నంబరు పద్నాలుగు, కొత్త నంబరు ముప్పై ఒకటి.
కొరియర్ కుర్రాడు రెండూ చదివి, బుర్ర గోక్కుని,
రెండింటి మధ్యనున్న టీ బంకులో ఇచ్చిపోతాడు.
అలవాటైపోయింది.

ఇప్పుడు మూడో నంబరు.
మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన
తెల్ల పళ్ళెంలాంటి యాంటెనా బిగించి
దాని మెడ రెట్టేరి టవరు వైపు అరగంట తిప్పి
ఇళంగో కిందికి దిగాడు:
"వైరు లేదక్కా. అంతా గాల్లోనే."

గాలి సంగతి నాకు చెప్తాడు!
రాత్రి కరెంటు పోయి బుడగలు ఆగితే
తెల్లారేసరికి ఏం మిగులుతుందో చూసినదాన్ని.
పన్నెండొందల డిస్కస్ చేప, పక్కకి ఒరిగి,
కన్ను మూయడం కూడా రాక.

అందుకే తొట్టి మీద కెమెరా.
కొట్లో నిలబడి ఫోన్లో చూస్తే చేపలు.
కొట్లో ఉంటే నాకు కళ్ళు లేవా?
పెరంబూరు ఇంటికొచ్చి, అన్నం తిని, మంచమ్మీద చూస్తే
ఒక సున్నా గిరగిరా తిరుగుతుంది.

కాల్ సెంటర్ అమ్మాయిది మర్యాదైన గొంతు.
"మీది ప్రైవేటు ఐపీ మేడమ్.
మీరు బయటికి వెళ్ళొచ్చు. బయటివాళ్ళు మీ దగ్గరికి రాలేరు."
నేను బయటిదాన్ని కాదమ్మా, కొట్టు నాదే.
"ఇప్పుడు బయట ఉన్నారు కదా మేడమ్."

మర్నాడు ఇళంగో చేపల మేత అట్టపెట్టె చింపి బొమ్మ గీశాడు.
మా కొట్టు పది చుక్కతో మొదలవుతుందట.
టవరు కింద మూడొందల ఇళ్ళు, అన్నీ పది చుక్కే.
బయటి లోకానికి అందరికీ కలిపి ఒకే నంబరు.
అచ్చం మా నంబరే ఇంకే ఊళ్ళోనో
ఒక మిక్సీలు బాగుచేసే కొట్టుకీ ఉండొచ్చట.
గేటు దగ్గర ఒకడు చిట్టా రాస్తుంటాడట,
ఎవరింటి నుంచి ఏ మాట బయటికెళ్ళిందో.
జవాబొస్తే చిట్టా చూసి ఆ గుమ్మానికి పంపుతాడు.
అడక్కుండా వస్తే, ఎంత సొంత మనిషైనా, పొమ్మంటాడు.
"పేరు మార్చి పంపడమే వాడి పనక్కా."

పేరు మార్చడం నాకు కొత్తా?
మిల్లు రిజిస్టర్లో మా నాన్న మునుసామి.
జీతం చీటీ మీద, ఓటరు జాబితాలో,
చివరికి కార్పొరేషనువాళ్ళిచ్చిన ఆఖరి కాగితం మీదా.
గడప లోపల ఇంకో పేరుండేది.
నాయనమ్మ పిలిచేది. అమ్మ నోరు జారి ఒకటి రెండుసార్లు.
అది తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను.
ఇక్కడ రాయను.
మునుసామికొచ్చిన ఉత్తరాలు, అప్పులు, బోనసు
ఏవీ దారి తప్పలేదు, అన్నీ మా ఇంటికే చేరాయి.

నెలకి మూడొందలు కడితే బయటి నంబరు ఇస్తారు.
"వద్దక్కా, అదుంటే ఊరూ పేరూ లేనివాళ్ళంతా
రాత్రంతా తలుపు తోసి చూస్తారు.
బయట నుంచి పిలవలేం కదా, లోపలి నుంచే పిలిపిద్దాం."
సబ్బుబిళ్ళంత పెట్టె ఒకటి ఇన్వర్టరుకి తగిలించాడు.
అది నిమిషానికోసారి తనే బయటికొచ్చి
ఎక్కడో ఒక కంప్యూటరు తలుపు తట్టి
ఉన్నాను అంటుంది.
తెరిచిన ఆ సందులోంచి
నేను దూరి నా చేపల్ని చూసుకోవాలి.

నవంబరు వాన. వీధంతా చీకటి.
రెండు నలభైకి మెలకువ. ఫోను చూస్తే
ఉన్నాను.
రెండు నలభై ఒకటి, ఉన్నాను.
పసుపు చేప అద్దం దాకా వచ్చి
నోరు తెరుస్తోంది, మూస్తోంది.
రెండు నలభై రెండు.
నలభై మూడు.
నలభై నాలుగు.

స్కూటరు తాళం టీవీ మీదుంది.
గొడుగు వద్దు, రెండు చేతులూ కావాలి.